తబితా సిస్టరు చింతగింజల లెక్క

జూలూరుపాడు నుంచి ఏన్కూరు వైపు పోయే దారిలో, అడవి పలచబడి మిరపచేలు మొదలయ్యే చోట ఒక పల్లె దవాఖానా ఉంది. తబితా అందులో నర్సుగా చేరి నాలుగేళ్లయింది. ఈ నాలుగేళ్లలో పాముకాటు కేసులు చూసింది, వాగు దాటలేక ఆగిపోయిన ఆటోలో కాన్పు చేసింది. వేటికీ ఆమె వెనకాడలేదు. ఆమెను నిజంగా ఏడిపించింది ఒక్కటే, అన్నం.

ప్రతి సోమవారం ఊళ్లో షుగరు ఉన్నవాళ్లు పద్నాలుగు మంది దవాఖానా వరండాలో కూర్చుంటారు. తినే తిండిలో పిండి ఎంత ఉందో లెక్కపెట్టుకోవడం వాళ్లకు నేర్పాలి. అందుకోసం తబితాకు ఫోన్‌లో మూడు గంటల శిక్షణ ఇచ్చారు, ఒక రంగుల చార్టు పంపారు. చార్టు అందంగానే ఉంది. ఒక మూల ఓట్సు గిన్నె, ఇంకో మూల ఎర్రటి యాపిల్, నడిమధ్య తెల్లని బ్రెడ్డు ముక్క. ఆ ముక్కలో పదిహేను గ్రాముల పిండి ఉంటుందట, దాన్ని ఒక వంతు అనుకోవాలట.

ఆశా కార్యకర్త జంపక్క ఆ చార్టును గోడకు అతికిస్తూ పెదవి విరిచింది.

"మేడమ్, మనోళ్లు బ్రెడ్డు తినేది జరమొచ్చినప్పుడే. గీ బొమ్మ చూస్తే వీళ్లకు షుగరు కాదు, జరం గుర్తొస్తది."

అదే జరిగింది. మొదటి సోమవారం తబితా గంటసేపు గొంతు చించుకున్నాక, వెనక వరసలోంచి ఆదినారాయణ చెయ్యెత్తాడు. ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో దిగి రిటైరైన మనిషి. మాట సూటిగా ఉంటుంది.

"సిస్టరూ, నాకు జరం లేదు గని, రొట్టె ముక్క తినుమంటవా?"

వరండా అంతా నవ్వింది. తబితా నవ్వలేదు. ఆ సాయంత్రమే చార్టును గోడ నుంచి పీకి మడతపెట్టి బీరువా కింద తోసేసింది.

తబితా కూడా బొగ్గుబాయి కాలనీలో పుట్టిన పిల్లే. నాన్న షాలేమ్‌రాజు గని పైన దీపాల గదిలో పనిచేసేవాడు. గనిలోకి దిగే ప్రతి మనిషికీ తల దీపంతో పాటు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఇచ్చేవాడు. పైకి వచ్చాక ఆ బిళ్ల తిరిగి మేకుకు తగిలించాలి. షిఫ్టు అయిపోయాక మేకు ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని అర్థం. చదువు రాని మనుషులు కూడా ఆ బిళ్లల లెక్కను ఎన్నడూ తప్పేవాళ్లు కాదు. తబితాకు అది గుర్తొచ్చింది. బిళ్లలు లేవు కాబట్టి చింతగింజలు తెచ్చింది. ఒక్కొక్కరికి పది గింజలు, ఖాళీ మాత్రల డబ్బాలు రెండు.

"ఒక గింజ అంటే ఒక వంతు పిండి," అని చెప్పింది. "తలకొట్టిన చిన్న గరిటెడు అన్నం ఒక గింజ. జొన్నరొట్టె రెండు గింజలు. ఒక ఇడ్లీ ఒకటి. చక్కెర లేని పాల చాయ్ రెండు తాగితే ఒకటి. పొద్దున మూడు, పగటీలి మూడు, మాపటికి మూడు. మిగిలిన ఒక్కటి మీ ఇష్టం. తిన్నప్పుడల్లా ఈ డబ్బాలోంచి ఆ డబ్బాలోకి వెయ్యాలి. ఈ డబ్బా ఖాళీ అయిందంటే ఆ రోజుకు తిండి అయిపోయినట్టే."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అందరికీ అర్థమైంది. ఆఖర్న ఇంకో మాట కూడా చెప్పింది: కరెంటు కుక్కర్‌లో అన్నం వండితే పిండంతా అందులోనే ఉండిపోతుంది, పాతకాలం లెక్క గిన్నెలో వండి గంజి వార్చండి అని. అందరూ తలలూపారు. తబితా ఆ రోజు ఇంటికి వెళ్తూ ఈల వేసుకుంటూ స్కూటీ నడిపింది.

ఆ ఈల నెల తిరక్కుండానే ఆగిపోయింది.

పుల్లమ్మ వల్ల.

పుల్లమ్మకు యాభై ఎనిమిదేళ్లు. మోదుగాకులతో విస్తళ్లు కుట్టడం ఆమె పని. పర్ణశాలకు వచ్చే యాత్రికుల కోసం వంటలు చేసేవాళ్లు ఆమె కట్టలే కావాలని అడిగేవాళ్లు. రెండేళ్లుగా రెండు కళ్లలోనూ పొర కమ్ముకొచ్చింది. చేతివేళ్ల గుర్తుతోనే కుడుతోంది కానీ, ఆకు చిరిగిందో పురుగు తిన్నదో తెలియడం లేదు. మొన్న ఒక కట్ట మొత్తం తిప్పి పంపారు. ఇక ఆమె చేతికి పని దొరకదని ఊళ్లో అప్పుడే అనుకోవడం మొదలైంది.

నెలకోసారి, మూడో శనివారం, కంటి ఆపరేషన్లకు మనుషుల్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లే బండి దవాఖానా ముందుకు వస్తుంది. అందులోని డాక్టరుకు ఒకటే నియమం. వేలు పొడిచి చూసినప్పుడు షుగరు రెండు వందల లోపుంటేనే బండి ఎక్కించుకుంటాడు. గింజలు పంచడానికి రెండు రోజుల ముందు వచ్చిన బండి దగ్గర పుల్లమ్మకు రెండు వందల అరవై ఎనిమిది వచ్చింది. తిప్పి పంపారు. "వచ్చే నెల చూద్దాం అత్తా, సోమవారం నుంచి గింజల లెక్క మొదలుపెడుతున్నాం కదా," అని తబితా ధైర్యం చెప్పింది.

పుల్లమ్మ ఆ నెలంతా గింజల్ని బంగారంలా చూసుకుంది. ఆదివారం ప్రార్థనా మందిరంలో భోజనాలు పెట్టిన రోజు తబితా ఎదురుగా కూర్చుని, కావాలనే ఆమె పళ్లెం మీద కన్నేసి ఉంచింది. పుల్లమ్మ మూడు గరిటెలు వడ్డించుకుంది, చెయ్యి అడ్డం పెట్టింది, మిఠాయి పక్కావిడకు ఇచ్చేసింది, కొంగుముడి విప్పి మూడు గింజలు తీసి రెండో డబ్బాలో వేసింది. అంత కచ్చితంగా లెక్క నడిపినవాళ్లు ఆ పద్నాలుగు మందిలో ఇంకొకరు లేరు.

రెండో నెల బండి వచ్చింది. రెండు వందల తొంభై ఒకటి!

తబితా మిషను మీది అంకెను మళ్లీ చూసింది. మిషను పట్టీ మార్చి ఇంకో వేలు పొడిచింది. రెండు వందల ఎనభై ఎనిమిది. గింజల లెక్క మొదలుపెట్టకముందు కన్నా ఎక్కువ! నేర్పిన తర్వాత తగ్గకపోవడం ఒక బాధ. నేర్పిన తర్వాత పెరగడం ఏమిటి? బండి డాక్టరు చేతి గడియారం చూసుకుంటూ, "మీ దగ్గర వీళ్లకు ఏం చెప్తున్నారమ్మా?" అన్నాడు. ఆ మాట తబితాకు చెంప మీద కొట్టినట్టు తగిలింది.

తర్వాతి సోమవారం ఆ కోపమంతా పుల్లమ్మ మీదికే మళ్లింది.

"అత్తా, నిజం చెప్పు. ఇంట్ల దాసుకొని ఏం తింటున్నవ్?"

పుల్లమ్మ మాట వచ్చిన వైపు తల తిప్పింది.

"ఏం తినలేదు బిడ్డా. నువ్వు చెప్పినంతనే తింటున్న."

"చెప్పినంతే తింటే రెండు వందల తొంభై ఒకటి ఎందుకొస్తది? మిషను అబద్ధం చెప్తదా?"

ఆదినారాయణ వాతావరణం తేలిక చేద్దామనుకున్నాడు. "పుల్లమ్మ దినాం ప్రార్థన చేస్తది కద సిస్టరూ. గా షుగరు కూడ ప్రార్థన ఇని పైకే పోతంది."

"నువ్వు నోరు మూసుకో కాకా. నీది మూడు వందలు దాటింది!" అని తబితా అరిచింది.

పుల్లమ్మ నెమ్మదిగా లేచింది. కొంగుముడి విప్పి పది గింజలూ తడుముకుంటూ బల్ల మీద పెట్టింది. ఒకటి దొర్లి కింద పడితే వంగి, నేల మీద వేళ్లతో వెతికి, అది కూడా తీసి పెట్టింది.

"నేను దొంగతిండి తినేదాన్ని కాదు. నీ గింజలు నీకాడనే పెట్టుకో."

మెట్ల దగ్గర తడబడింది. జంపక్క చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని వెళ్లిపోయింది.

"గంత మాట నలుగురిల అనాల్నా మేడమ్?" అంది జంపక్క.

"మరేం చేయమంటవ్? ఎంత చెప్పాలె? చార్టు పీకేసిన, గింజలు తెచ్చిన, గొంతు పోయేదాంక చెప్పిన. ఇంకేం చేయాలె నేను?"

 జంపక్క బల్ల మీది గింజల్ని ఒక కవర్లో పోసి ముడివేసి, తబితా చేతిసంచిలో పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం తబితా నాన్నకు ఫోను చేసింది. మామూలుగా ఆరోగ్యం అడగడానికే చేసింది కానీ పావుగంటలో కథంతా చెప్పేసింది. "లెక్క సరిగానే ఉంది నాన్నా. గింజలు సరిగానే మారుతున్నయ్. అయినా షుగరు దిగుతలేదు. ముసలామె అబద్ధమాడుతందనే అనిపిస్తంది."

షాలేమ్‌రాజు అటువైపు నవ్వాడు. "మా దగ్గర ఒకసారి ఏమైందో తెలుసా? షిఫ్టు అయిపోయింది. ఒక బిళ్ల తక్కువ. అందరం ఉరుకులాడినం. రక్షణ దళాన్ని కిందికి దింపినం. మూడు గంటలు గాలించిండ్రు. అటు జూస్తే వాడు పాత గాలి దారిల నుంచి పైకొచ్చి, కల్లు తాగి, ఇంట్ల గుర్రుపెట్టి పన్నడు. బిళ్ల వాని జేబులనే ఉంది."

"తిట్టిండ్రా?"

"తిట్టక? మస్తు తిట్టినం. తెల్లారి గా పాత దారి కాడ ఒక మనిషిని కూసోబెట్టినం. మేం దీపాల గదిల కూసొని పెద్ద వాకిలే చూస్తుంటిమి బిడ్డా. ఇంకో దారి ఉందన్నదే మాకు యాదిల లేదు."

నాన్న మాటలు ఎటు దారితీస్తాయో తబితాకు అప్పటికి అర్థం కాలేదు. కోపం మాత్రం కొంచెం దిగింది. బండి రావడానికి ఇంకా మూడున్నర వారాలుంది. వారం పైగా పుల్లమ్మ దవాఖానా వైపు రాలేదు. షుగరు మాత్రలు కూడా అయిపోయి ఉంటాయి. చివరికి ఒక బుధవారం పొద్దెక్కాక తబితానే మాత్రలు, మిషను సంచిలో వేసుకుని ఆమె ఇంటికి బయల్దేరింది.

పుల్లమ్మ రేకుల పంచ కింద కూర్చుని ఆకులు కుడుతోంది. కోడలు మిరప కోతకు పోయింది. ఒడిలో ఆకు, పళ్ల మధ్య ఈనెపుల్ల, చూపు ఎటో ఉంది. అడుగుల చప్పుడు విని, "ఎవలూ?" అంది.

"నేనే అత్తా. తబితాను."

పుల్లమ్మ ఆకు పక్కన పెట్టలేదు. "మళ్ల ఏం దొంగతనం పట్టుకోను వచ్చినవ్?"

"తిట్టు అత్తా. తిట్టించుకోనీకే వచ్చిన. మాత్రలు కూడ తెచ్చిన."

పుల్లమ్మ ఆకు కింద పెట్టి లేచింది. ఆ ఇంట్లో ఎండన పడి వచ్చిన మనిషిని ఊరికే నిలబెట్టే అలవాటు లేదు. కోపం ఉన్నా సరే. తడుముకుంటూ లోపలికి వెళ్లి పెద్ద చెంబు ఒకటి తెచ్చి తబితా చేతికిచ్చింది.

"మొగం మాడిపోయి ఉంటది. ముందుగాల గిది తాగు."

చల్లటి గంజి. ఉప్పు, నలిపిన ఉల్లిగడ్డ, కొంచెం మజ్జిగ. తబితా గటగటా సగం చెంబు తాగేసింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. పెదవుల మీద జిగురు తుడుచుకుంటూ, "ఎంత చిక్కగున్నది అత్తా," అంది.

"ఉండదా? ఐదుగురి అన్నం గంజి గది. పొద్దుగాల వార్చిన. నువ్వు తాగు, నేను జర ముందు తాగిన."

"ఎంత తాగినవ్?"

"గదే, ఒక చెంబు."

తబితా చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది.

"దినాం తాగుతవా?"

"తాగకుంటే ఏం జేస్త? పిల్లలు దాన్ని ముట్టరు. బర్రె ఉన్నప్పుడు కుడితిల పోసేటోళ్లం, బర్రెను అమ్మినం. అంతకుముందు కుక్కర్ల వండేది, గంజే ఉండకపోయేది. నువ్వే గద వార్చుమన్నవ్."

"వార్చి పారబోస్తరనుకున్న అత్తా!" తబితా గొంతు పైకి లేచింది. "పారబోయాలె!"

"పారబోయుమని ఎప్పుడన్నవ్? వార్చుమన్నవ్, వార్చిన. అన్నంల నుంచి వచ్చినదాన్ని ఎవలన్న మోరీల పోస్తరా? దేవుడు చూడడా?"

"మరి నాకెందుకు చెప్పలే? ఇన్ని రోజుల నుంచి అడుగుతున్న, ఏం తింటున్నవ్ ఏం తింటున్నవ్ అని!"

"గంజి తిండి ఎట్లయితది? నీళ్లు. పళ్లెం ముందట కూసుంటే ప్రార్థన చేసుకొని తింట. గంజికి ఎవలన్న ప్రార్థన చేస్తరా?"

తబితా పంచ గుంజకు ఆనుకుని కూలబడింది. ఏడుపొచ్చింది, నవ్వొచ్చింది, చెంబు విసిరికొట్టాలనిపించింది. ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఆ మాట చెప్పింది తనే. పిండి గంజిలోకి పోతుందని చెప్పింది కానీ, గంజి ఎక్కడికి పోతుందో ఒక్కసారీ ఆలోచించలేదు. తన ఇంట్లో మాత్రం ఎప్పుడైనా పారబోశారా? అమ్మ ఆ గంజిని నాన్న చొక్కాలకు పెట్టేది.

ఆ చొక్కాలు గుర్తురాగానే తల ఎత్తింది.

"అత్తా, పండుగ చీరెకు గంజి పెడతవు కద. ఎండినంక చీరె ఎట్లుంటది?"

"రేకు లెక్క నిలబడ్తది."

"ఒట్టి నీళ్లల్ల ముంచితే నిలబడ్తదా?"

మళ్లీ ఆకు అందుకున్న పుల్లమ్మ చేతిలో ఈనెపుల్ల కదలడం ఆగింది. చీర కొంగును వేళ్ల మధ్య నలిపి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "అవ్. బట్టకు పిండే పట్టుకుంటది." కొంగు వదిలి, "నా నెత్తురుకు గూడ గట్లనే పడ్తదంటవ్."

"అట్లనే అత్తా."

"మరి చెంబుకు ఎన్ని గింజలు?"

 చార్టులో గంజి లేదు. మూడు గంటల శిక్షణలో ఎవరూ గంజి పేరెత్తలేదు. పుల్లమ్మ గంజి తాగి ఎంతసేపయిందో అడిగి, ఆమె వేలు పొడిచింది. మూడు వందల పన్నెండు. మర్నాడు అదే వేళకు మళ్లీ వచ్చి, గంజి మానేసిన పొద్దున ఎంత ఉందో చూసింది. రెండు వందల ఇరవై. ఆ తేడా చూశాక నికరంగా చెప్పలేను కానీ నాలుగు గింజలనుకో అంది.

"నాలుగా!" అని పుల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గట్లంటే దినానికి పద్నాలుగు గింజలు తిన్ననా నేను? నీ ముందట గంత రోషపడితిని."

"నేను కూడ నిన్ను దొంగదాన్ని చేసిన కద అత్తా."

గంజిని ఏం చేయాలన్న దాని మీద మళ్లీ గొడవైంది. పారబోయడానికి పుల్లమ్మ ససేమిరా ఒప్పుకోలేదు. ఆఖరికి రెండిళ్ల అవతల ఉండే బతుకమ్మ అనే ఆవిడ మేకలకు పోసేటట్టు మాట కుదిరింది. తబితా సంచిలోంచి కవరు తీసి ఇస్తే పుల్లమ్మ ఒక్కొక్క గింజా వేళ్లతో లెక్కపెట్టి, పది ఉన్నాయని నమ్మకం కుదిరాకే కొంగుకు ముడివేసుకుంది.

ఆ సోమవారం తబితా గింజల మాటే ఎత్తలేదు. "గంజి ఎవరెవరు తాగుతున్నరు?" అని అడిగింది. ఏడు చేతులు లేచాయి. ఏడుగురూ ఆమె మాట వినే కుక్కరు మూలకు పెట్టినవాళ్లు. తబితా నుదుటి మీద చెయ్యి పెట్టుకుని బల్ల వెనక కుర్చీలో కూర్చుండిపోయింది. జంపక్క మంచినీళ్లు తెచ్చిస్తూ చెవిలో అంది, "నీళ్లే మేడమ్. గంజి కాదు."

మూడో శనివారం బండి వచ్చింది. పుల్లమ్మ పొద్దున్నే ఉతికిన చీర కట్టుకుని, అందరికన్నా ముందు వచ్చి మెట్ల మీద కూర్చుంది. డాక్టరు ఆమెను గుర్తుపట్టి నిట్టూర్చాడు. "మళ్లీ వచ్చావా అమ్మా?"

వేలు పొడిచారు. అంకె పడేదాకా ఆ అయిదు సెకన్లు తబితా గోడ వైపు తిరిగి నిలబడింది.

"నూట ఎనభై ఏడు," అన్నాడు డాక్టరు. "సరే, ఎక్కండి."

తబితాకు ఆ డాక్టరుతో ఒక మాట చెప్పాలనిపించింది. ఏం చెప్తున్నారమ్మా అని అడిగావు కదా, ఇదీ అని. కానీ ఆయన అప్పటికే పక్క మనిషి వేలు పట్టుకున్నాడు. జంపక్క చెయ్యి ఆసరాగా పుల్లమ్మ బండి ఎక్కింది. కిటికీలోంచి తల బయటపెట్టి, తబితా ఎటు నిలబడిందో సరిగ్గా తెలియక, దవాఖానా గోడతో మాట్లాడింది.

"బిడ్డా, ఆడ ఏం పెడ్తరో ఏమో! వాళ్లకు గింజల లెక్క తెల్సా?"

"తెల్వకుంటే నువ్వే చెప్పు అత్తా!"

"చెప్త. నాకేం భయమా?"

బండి కదిలి, దుమ్ము లేపుకుంటూ ఏన్కూరు దారి పట్టింది. తబితా లోపలికి వెళ్లి ఆ పూట పుస్తకం తీసి చూసింది. ఏడుగురిలో నలుగురికి తగ్గింది. ముగ్గురు మానేశామంటున్నారు కానీ తగ్గలేదు. మిగతా ఏడుగురి అంకెలు రెండు నెలల కింద ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. ఇంత కష్టపడితే ఇంతేనా? ఒక్క చెంబును పట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది. ఇట్లా ఒక్కొక్క ఇల్లూ తిరగాలంటే?

తలుపు దగ్గర ఆదినారాయణ నిలబడి ఉన్నాడు. చేతిలో తన చీటీ. మూడు వందల ఆరు.

"సిస్టరూ, నాకు గంజి అలవాటు లేదు. పుట్టంగ తాగలే. గింజలు సరిగనే మారుస్తున్న. మరి నాదెందుకు దిగదంటవ్?"

తబితా నాలిక చివరికి అదే పాత మాట వచ్చింది, దాచుకుని ఏం తింటున్నావ్ అని. మింగేసింది. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి లాగి ఆయన ముందు వేసింది.

"కూసో కాకా. ఏం తింటవో చెప్పకు. పొద్దుగాల లేచిన కాన్నుంచి ఏం చేస్తవో చెప్పు."

"ఏం చేస్త? లేస్త. మొగం కడుగుత. బీడీ కాలుస్త."

"తర్వాత?"

"తర్వాత తాళ్ల దిక్కు పోత."

"తాటిచెట్ల కాడికా? దేనికి?"

"దేనికేంది?" ఆదినారాయణ ఆమె అమాయకత్వానికి ఆశ్చర్యపోయాడు. "ఊకెనే. గాలికి."

వెనక మాత్రలు సర్దుతున్న జంపక్క బీరువా తలుపు పట్టుకుని విరగబడి నవ్వింది. తబితా ఒక్క క్షణం కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచి, పుస్తకంలో ఖాళీ పేజీ తిప్పి, పైన ఆదినారాయణ పేరు, దాని కింద 'తాటిచెట్లు' అని రాసింది.

"దినానికి ఎన్ని ముంతల గాలి తాగుతవ్ కాకా?"